జేన్‌వే గారి ఓడలో నా ఉద్యోగం

సీరియల్ పేరు చెప్పుకుని వచ్చే వీడియో గేముల్ని నేను మామూలుగా నమ్మను. పెట్టె మీద అందరికీ తెలిసిన ముఖాలు ఉంటాయి, లోపల మనకు సంబంధం లేని మనుషులు ఎవరినో కాలుస్తూ పోతుంటారు. 2000 సెప్టెంబర్‌లో వచ్చిన ‘స్టార్ ట్రెక్ వాయేజర్: ఎలీట్ ఫోర్స్’ అట్లాంటిది కాదు. ఇన్నేళ్ళైనా నేను దాన్ని మళ్ళీ మళ్ళీ ఆడుతూనే ఉన్నాను. ఈ వేసవిలో మా అన్న కొడుకు సెలవులకొచ్చి నా లాప్‌టాప్ తెరిచి చూసి, "ఏంది అత్తా, ఇంత పాత గేము ఆడుతున్నావు?" అన్నాడు. వాడికి అప్పటికప్పుడు చెప్పిన జవాబు నాకే చాల్లేదు. తీరిగ్గా రాయాలనిపించింది.

ముందు సీరియల్ సంగతి. ‘స్టార్ ట్రెక్: వాయేజర్’ 1995 నుంచి 2001 దాకా అమెరికా టీవీలో ఏడు సీజన్లు నడిచింది. మాకీ అనే తిరుగుబాటుదారుల ఓడను వెతుక్కుంటూ బయలుదేరిన వాయేజర్ అనే అంతరిక్ష ఓడని ఏదో శక్తి లాక్కెళ్ళి గెలాక్సీ అవతలి కొసన, డెల్టా క్వాడ్రంట్‌లో పడేస్తుంది. అక్కడినుంచి భూమి 70,000 కాంతి సంవత్సరాల దూరం. ఓడ తన పూర్తి వేగంతో పోయినా 75 ఏళ్ళు పడుతుంది. దారిలో రిపేరు చేసుకోవడానికి మనవాళ్ళ స్థావరం ఒక్కటి కూడా లేదు. కెప్టెన్ క్యాథరిన్ జేన్‌వే, వెంట సుమారు నూటయాభై మంది, అందులో వాళ్ళు పట్టుకుందామని వచ్చిన తిరుగుబాటుదారులు కూడా. అందరూ ఒకే యూనిఫారం వేసుకుని ఇంటి దారి పట్టడం, ఏడు సీజన్ల కథ అదే.

నేను మాత్రం సీరియల్ ముందు చూడలేదు. నాకు ఆట ముందు, సీరియల్ తర్వాత. జేన్‌వేని నేను మొదటిసారి చూసింది మా కర్నూల్లో రాజ్‌విహార్ దగ్గర, మా అన్న పెట్టుకున్న కంప్యూటర్ సెంటర్లో, పదిహేను అంగుళాల మానిటర్ మీద.

ఆ సెంటర్ గురించి కొంచెం చెప్పాలి. అప్పుడు నేను బీఎస్సీ చదువుతున్నాను. పగలంతా అక్కడ టైపింగ్, డీటీపీ, పెళ్ళి పత్రికలు, ఎంఎస్ ఆఫీస్ నేర్చుకునే పిల్లలు, సీ లాంగ్వేజ్ పుస్తకం పట్టుకుని ఎగబడే ఇంజనీరింగ్ పిల్లలు. కాలేజీ అయ్యాక నేను వెళ్ళి ఫీజుల పుస్తకం రాసేదాన్ని. హైదరాబాద్‌లో చదువుతున్న మా చిన్నాయన కొడుకు పండక్కి వచ్చినప్పుడల్లా సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీ నుంచి ఏదో ఒక సీడీ తెచ్చేవాడు. అట్లా వచ్చిందే ఇది. మెషీన్లు చాలానే ఉన్నా, త్రీడీ కార్డు ఉన్నది ఒక్కదాంట్లోనే. డీటీపీకి అది ఎందుకూ పనికిరాదు, అన్న తన సరదా కోసం వేసుకున్న టీఎన్‌టీ2 కార్డు. ఈ ఆట ఆ కార్డు లేకుంటే తెరుచుకునేది కూడా కాదు. చివరి బ్యాచ్ వెళ్ళిపోయాక, షట్టర్ సగం దించి, ఆ ఒక్క మెషీన్ ముందు కూర్చునేదాన్ని.

మా నాయన ఆర్టీసీ కండక్టర్. డ్యూటీ దిగి, నన్ను ఇంటికి తీసుకుపోవడానికి సెంటర్‌కి వచ్చేవాడు. నేను "ఇంకో ఐదు నిమిషాలు నాయనా" అంటే, ఖాకీ చొక్కాతోనే పక్కన స్టూలు లాక్కుని కూర్చునేవాడు. ఒకరోజు అడిగాడు.

"ఈ ఓడ యాడికి పోతాంది పాపా?"

"ఇంటికి నాయనా."

"ఎంత దూరం?"

"డెబ్బై ఐదేండ్లు పడుతుందంట."

ఆయన కాసేపు తెర వైపు చూసి, "మరి డ్యూటీ మారేటోళ్ళు ఉండారా?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు ఆ ఆటను అర్థం చేయించినంతగా, తర్వాత నేను చదివిన సమీక్షలేవీ చేయించలేదు. లేరు. డ్యూటీ మారేవాళ్ళు లేరు. ఓడలో ఒకరు పోతే ఆ సీట్లోకి వచ్చి కూర్చునే మనిషి డెబ్బై వేల కాంతి సంవత్సరాల అవతల ఉన్నాడు. సీరియల్ నడిచేదే ఆ లెక్క మీద. ఎలీట్ ఫోర్స్ తయారుచేసినవాళ్ళు ఆ లెక్కను పట్టుకున్నారు, అందుకే అది నిలబడింది.

ఆట మొదలుపెట్టేటప్పుడు ఒక తెర వస్తుంది. అలెగ్జాండర్ మన్రోగా ఆడతావా, అలెగ్జాండ్రా మన్రోగా ఆడతావా అని. ఎట్లా ఎంచుకున్నా ఓడలో అందరూ పిలిచేది ‘అలెక్స్’ అనో ‘మన్రో’ అనో, కాబట్టి కథ ఒక్కటే, మాటలు దాదాపు అవే. తయారుచేసినవాళ్ళకు అది చిన్న ఏర్పాటు అయ్యుండొచ్చు. నాకు మాత్రం చిన్నది కాదు. అప్పటిదాకా అన్న సెంటర్లో నేను చూసిన తుపాకీ ఆటలన్నింట్లో తెర కింద కనిపించే చేతులు కండలు తిరిగిన మగవాళ్ళవే. ఇక్కడ కెప్టెన్ ఆడమనిషి, చీఫ్ ఇంజనీర్ బెలానా టోరెస్ ఆడమనిషి, ఓడలో అందరికన్నా సైన్సు తెలిసిన సెవెన్ ఆఫ్ నైన్ ఆడమనిషి, వాళ్ళ ముందు నిలబడి ఆదేశాలు తీసుకునే నేనూ ఆడమనిషిని. ఎవరూ దాన్ని ఒక విశేషంగా చెప్పరు. అదే నాకు ఎక్కువ నచ్చింది.

ఇంకో మంచి పని చేశారు. మనల్ని కెప్టెన్ని చేయలేదు. సీరియల్లో ఉన్న పెద్ద పాత్రల్లో దేన్నీ మన చేతికివ్వలేదు. మన్రో ఒక ఎన్సైన్, అంటే ఆఫీసర్లలో అందరికన్నా కింది మెట్టు. ఓడ భద్రత చూసే ట్యూవాక్, ప్రమాదకరమైన పనులకు వెళ్ళడానికి ‘హజార్డ్ టీమ్’ అని ఒక చిన్న దళం పెడతాడు. దానికి నాయకుడు ఫాస్టర్. అందులో టెల్సియా మర్ఫీ, పెద్ద తుపాకులు మోసే బీస్‌మన్, పేలుడు పదార్థాలు చూసే చాంగ్, వైద్యం తెలిసిన జురాట్, నీలం చర్మంతో ఉండే టెక్నీషియన్ చెల్. ఈ చెల్ సీరియల్లో మొదటి సీజన్లోనే కనిపించిన మనిషి. అక్కడ కాసేపు కనిపించి పోయినవాణ్ణి తీసుకొచ్చి ఇక్కడ మన పక్కన నిలబెట్టారు. మన్రో వాళ్ళలో ఒకరు, అంతే. నాకు అది ఉద్యోగంలో చేరినట్టే అనిపించేది. ఓడను నడిపే గది, బ్రిడ్జి మీద మీటింగ్ అంటే వెళ్ళి నిలబడాలి, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే వినాలి, అడిగితేనే చెప్పాలి.

మొదటి స్టేజీ బోర్గ్ ఓడలో జరుగుతుంది. బోర్గ్ అంటే సగం మనిషి, సగం యంత్రం. దొరికిన ప్రతి జాతినీ తమలో కలిపేసుకునేవాళ్ళు. వాళ్ళ ఓడ ఒక పెద్ద ఘనం. లోపల ఆకుపచ్చ వెలుతురు, గోడల్లో గూళ్ళు, ఒక్కో గూట్లో నిలబడి నిద్రపోతున్న డ్రోన్లు, అంటే ఆ బోర్గ్ మనుషులే. నీ వాళ్ళు చిక్కుకుంటారు, కాపాడాలని చూస్తావు, మొత్తం చెడిపోతుంది. అప్పుడు తెలుస్తుంది అదంతా హోలోడెక్‌లో, అంటే ఏ చోటునైనా నిజంలా చూపించే గదిలో, ట్యూవాక్ పెట్టిన పరీక్ష అని. తుపాకీ ఆటలో మొదటి అరగంటలోనే ఆటగాణ్ణి నిలబెట్టి, తొందరపాటు ఇక్కడ పనికిరాదు అని చెప్పడం నాకు అంతకుముందు ఎక్కడా ఎదురుకాలేదు. స్టేజీ పూర్తిచేశావు భేష్ అనాల్సిన చోట పై అధికారి నెమ్మదిగా చివాట్లు పెడతాడు. నిజమైన ఓడలో అయితే ఆ తప్పుకు మనుషులు పోయేవాళ్ళు కదా.

తర్వాత అసలు కథ. ఒక శత్రు ఓడతో పోరాటంలో అది పేలిపోయి, ఆ తాకిడికి వాయేజర్ ఎక్కడో కొత్త చోట తేలుతుంది. చుట్టూ పాడైపోయిన ఓడలే, ఎక్కడెక్కడివో, ఏయే జాతులవో. అదొక ఓడల శ్మశానం. అక్కడున్న ఏదో క్షేత్రం ఓడ శక్తిని పీల్చేస్తుంటుంది, కదలడానికి లేదు. ఆ శిథిలాల మధ్య చిక్కుకుపోయిన రకరకాల జాతులవాళ్ళు కలిసి, దొరికిన ఓడల మీద పడి దోచుకుంటూ బతుకుతుంటారు. స్కావెంజర్లు అంటారు వాళ్ళను. వాళ్ళు వాయేజర్లోకే చొరబడతారు. అంతదాకా నువ్వు తిరిగిన నడవల్లో, నీలిక్స్ వంట చేసే భోజనశాల ఉన్న ఓడలో కాల్పులు. ఆ స్టేజీలో నా చేతులు చల్లబడేవి. ఊరూ పేరూ లేని ఏదో స్థావరంలో అయితే గోడకు తగిలినా పట్టించుకోం. ఇక్కడ ప్రతి గోడా మనదే.

మనవాళ్ళ ప్రాణం తీస్తే ఆట అక్కడితో ఆగిపోతుంది. పొరపాటున అయినా సరే, చేతిలో ఉన్నది మనం ఎక్కుపెట్టేముందు ఎవరు అడ్డొస్తున్నారో చూడాలి. అప్పట్లో సెంటర్‌కి వచ్చే కుర్రాళ్ళకు ఇది విసుగు. వాళ్ళకు క్వేక్ కావాలి, కనిపించినవాణ్ణల్లా కాల్చాలి. నాకు ఇదే కావాలి. నూటయాభై మందిలో ఒకర్ని తగ్గించే హక్కు నాకు లేదు.

క్వేక్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, ఈ ఆట లోపల ఉన్న ఇంజన్, అంటే ఆటను నడిపించే ప్రోగ్రామ్, క్వేక్ 3 ఎరీనాదే. 1999 చివర్లో వచ్చిన క్వేక్ 3 నలుగురైదుగురు ఒక మైదానంలో చేరి కొట్టుకోవడానికి చేసిన ఆట. దాంట్లో చెప్పుకోదగ్గ కథ లేదు, మాట్లాడే పాత్రలు లేవు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉండే రేవెన్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ ఆ ఇంజన్ తీసుకుని, పాత్రలు ఎప్పుడు నడవాలి, ఎప్పుడు తిరిగి చూడాలి, ఎప్పుడు మాట్లాడాలి అని రాసుకునే ఇకారస్ అనే స్క్రిప్టింగ్ ఏర్పాటు చేసుకుంది. యాక్టివిజన్ విడుదల చేసింది. రెండేళ్ళ తర్వాత రేవెన్ వాళ్ళు చేసిన స్టార్ వార్స్ ఆట ‘జెడై ఔట్‌కాస్ట్’లో కూడా అదే ఇకారస్ పనిచేసింది. అంటే కొట్లాటకు పుట్టిన ఇంజన్‌లో మీటింగులు పెట్టారు, భోజనశాల పెట్టారు, మాట్లాడేటప్పుడు పెదాలు కదిలే ముఖాలు పెట్టారు. 2000లో అది చిన్న సంగతి కాదు.

గొంతులు కూడా సీరియల్ నటులవే. కేట్ మల్‌గ్రూ, రాబర్ట్ బెల్ట్రాన్, టిమ్ రస్, రాబర్ట్ పికార్డో, ఈథన్ ఫిలిప్స్, అందరూ వచ్చి చెప్పారు. సెవెన్ ఆఫ్ నైన్‌గా చేసిన జెరీ రయన్ గొంతు ఒక్కటే మొదట లేదు, వేరే నటితో చెప్పించారు. తర్వాత సవరణగా వచ్చిన ప్యాచ్‌లో ఆమె సొంత గొంతు చేర్చారు. నేను సీరియల్ తెలియకుండా ఆడినదాన్ని కాబట్టి మొదటి గొంతుకే అలవాటు పడ్డాను. చాలా ఏళ్ళకు ఇంటర్నెట్ బాగా వచ్చాక సీరియల్ చూస్తే, ట్యూవాక్ నోరు తెరవగానే మా పాత ఆఫీసులో పై అధికారి మాట్లాడుతున్నట్టే అనిపించి ఎంత సంతోషం వేసిందో.

ఇక నాకు ప్రాణమైన సంగతి, ఆయుధాల వెనక ఉన్న ఆలోచన. నేను ఇప్పుడు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, అప్పుడు చదువుకునేదాన్ని, రెండు వయసుల్లోనూ నాకు ఇది నచ్చింది. తుపాకీ ఆటల్లో ఒక పాత చిక్కుంది. ఆటగాడు పది తుపాకులు మోస్తుంటాడు, ఎక్కడ పెట్టుకుంటాడు? ఎవరూ జవాబు చెప్పరు. వీళ్ళు చెప్పారు. ఆ దళం వేసుకునే హజార్డ్ సూట్‌లో ఒక చిన్న ట్రాన్స్‌పోర్టర్ బఫర్ ఉంటుంది. ట్రాన్స్‌పోర్టర్ అంటే మనుషుల్నీ వస్తువుల్నీ ఒకచోట మాయం చేసి ఇంకోచోట తేల్చే యంత్రం. ఆయుధాలు అందులో నమూనాలుగా నిల్వ ఉంటాయి, కావాలనుకున్నది చేతిలో ప్రత్యక్షమవుతుంది. ట్రాన్స్‌పోర్టర్ ఈ సీరియళ్ళలో మొదటినుంచీ ఉన్నదే. ఆ లోకంలో ఉన్న వస్తువుతోనే ఆ లోకంలో రావాల్సిన ప్రశ్నకు జవాబిచ్చారు. కిరణాలతో కాల్చే మామూలు ఫేజర్ పిస్టల్‌కి గుళ్ళు అయిపోవడం ఉండదు, కాసేపు ఆగితే దానంతటదే ఛార్జ్ అవుతుంది. అది బలహీనమైనదే, కానీ ఎప్పుడూ ఉంటుంది. మిగతా ఆయుధాలకు గోడల్లో ఉన్న యంత్రాల దగ్గర శక్తి నింపుకోవాలి.

బోర్గ్ దగ్గరికి వచ్చేసరికి ఇది ఇంకా బాగుంటుంది. వాళ్ళను ఫేజర్‌తో కొన్నిసార్లు కొట్టగలం. ఆ తర్వాత వాళ్ళ కవచం ఆ ఆయుధానికి అలవాటు పడుతుంది, ఆకుపచ్చగా మెరిసి దెబ్బను మింగేస్తుంది. సీరియల్లోనూ అంతే. అందుకని సెవెన్ ఆఫ్ నైన్ ‘ఐ-మాడ్’ అనే తుపాకీ తయారుచేస్తుంది, ఇన్ఫినిటీ మాడ్యులేటర్. దాని ఫ్రీక్వెన్సీ ఎడతెగకుండా మారిపోతుంటుంది, కాబట్టి బోర్గ్ కవచం దేనికి సర్దుకోవాలో తెలుసుకునేలోపే ఇంకోటి వస్తుంది. మా పిల్లలకు రెజొనెన్స్ చెప్పేటప్పుడు దీన్నే వాడుకుంటాను. కడప ఆకాశవాణికి ట్యూన్ చేసిన రేడియో పక్క స్టేషన్‌ని వినిపించుకోనట్టే, ఒక ఫ్రీక్వెన్సీని ఆపడానికి సర్దుకున్న కవచం ఇంకోదాన్ని వదిలేస్తుందని. ఆ రోజు వెనక బెంచీలు కూడా నిద్రపోవు.

ఆటలో అన్నిటికన్నా బాగున్న భాగం బోర్గ్ ఓడే. స్కావెంజర్ల స్థావరంలో వాయేజర్‌కి కావలసిన ఐసోడీసియం అనే ఖనిజం కోసం వెళ్తే, బోర్గ్ దిగి దాన్ని ఎత్తుకుపోతారు, ఫాస్టర్‌ని కూడా. నాయకుడు పోయాడు. డ్యూటీ మారేవాళ్ళు లేరు. ట్యూవాక్ ఇటుతిరిగి మన్రోని చూస్తాడు, ఇక దళం నీది అని. మొదటి స్టేజీలో చివాట్లు తిన్న మనిషి చేతికే అది వస్తుంది. ఏ పతకం తగిలించడాలూ ఉండవు. ఇంకెవరూ లేరు కాబట్టి నువ్వు, అంతే.

ఈసారి హోలోడెక్ కాదు, నిజమైన ఘనం. నువ్వు కాల్చనంతసేపు డ్రోన్లు నిన్ను పట్టించుకోవు. భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నడిచిపోతాయి. మిగతా ఆటలన్నీ శత్రువు కనబడగానే కాల్చమని నేర్పితే, ఈ ఆట చేతులు ముడుచుకుని వాళ్ళ మధ్యలోంచి నడవమంటుంది. ఆ నడక ఉంది చూడండి, ఎంత టెన్షనో. మౌస్ మీద వేలు బరువు తెలుస్తుంటుంది. ఆ ఓడలో 8472 అనే జాతి ప్రాణులు చొరబడి ఉంటాయి, బోర్గ్ కూడా భయపడేవి అవొక్కటే. చివరికి వాటి విషయంలో బోర్గ్‌తోనే ఒప్పందానికి రావాల్సి వస్తుంది. ఇది నికార్సయిన వాయేజర్ కథ. సీరియల్లో జేన్‌వే కూడా సరిగ్గా ఈ జాతి కారణంగానే బోర్గ్‌తో చేతులు కలిపింది, సెవెన్ ఆఫ్ నైన్ ఓడలోకి వచ్చింది ఆ కథలోనే.

స్కావెంజర్ల స్థావరం కూడా చెప్పుకోవాలి. వేర్వేరు ఓడల ముక్కలు అతికించి కట్టుకున్న ఊరది. క్లింగాన్లు అనే జాతివాళ్ళ భాగం నుంచి మనుషుల భాగంలోకి వెళ్తే ఒక్కసారిగా రంగులు మారిపోతాయి. 1960ల నాటి మొదటి స్టార్ ట్రెక్ సీరియల్ ఓడ నడవలు, ఆ కాలపు తలుపులు, ఆ కాలపు బొత్తాలు. మొదటిసారి ఆడినప్పుడు నాకు ఆ సూచన అందలేదు, ఇదేదో పాత ఓడ అనుకున్నాను. పాత సీరియల్ చూశాక మళ్ళీ ఆడితే ఒళ్ళు జలదరించింది. తెలిసినవాళ్ళకు ఒక కానుక, తెలియనివాళ్ళకు అడ్డం కాదు. అభిమానుల కోసం చేసే పనులు ఇట్లా ఉండాలి.

చివరి భాగం గురించి నాకు అంత ప్రేమ లేదు. ఫోర్జ్ అనే చోటు, అక్కడ వొర్సాత్ అనే పెద్ద శత్రువు, వాడి హార్వెస్టర్లు. అక్కడ ఆట మామూలు తుపాకీ ఆటే అయిపోతుంది. వచ్చిన పురుగునల్లా కాల్చుకుంటూ పోవాలి. పైగా ఆట మొత్తం చిన్నది, అలవాటున్నవాళ్ళు వారాంతంలో ముగించేస్తారు. అయినా ఆ నిడివిలో సగం ఓడ మీద గడపనిచ్చారు, అది చాలు.

2001లో విస్తరణ ప్యాక్ వచ్చింది. దాన్ని చాలామంది తీసిపారేశారు, కథ లేదని. నాకు మాత్రం అదే ఇష్టం. అందులో ‘వర్చువల్ వాయేజర్’ అని ఒక భాగం ఉంది. ఓడంతా తిరగొచ్చు, డెక్ తర్వాత డెక్, లిఫ్ట్ ఎక్కి దిగుతూ. కాల్చాల్సినవాళ్ళు లేరు. మనుషుల గదులు చూడొచ్చు, తలుపులు తెరిచే దారులు వెతకొచ్చు, అక్కడక్కడా దాచిన వస్తువులు ఏరుకోవచ్చు. హోలోడెక్‌లో, ఓడ నడిపే టామ్ పారిస్‌కి ఇష్టమైన కెప్టెన్ ప్రోటాన్ కథ కూడా ఉంది, పాత కాలపు సినిమాలాగా మొత్తం నలుపు తెలుపులో. మా నాయన కూడా ఇష్టంగా చూసింది ఈ భాగమే. "ఆయమ్మ గది యాడుంది, చూపించు" అనేవాడు జేన్‌వే గురించి. ఇంజన్ గది చూపిస్తే చాలాసేపు చూశాడు. ఆ నీలం వెలుగు పైకీ కిందికీ కదిలే స్తంభం ముందు నన్ను నిలబెట్టమని, అట్లాగే ఉంచమని అడిగాడు. డిపోలో మెకానిక్కుల పక్కన కూర్చుని ఇంజన్ శబ్దం వినే అలవాటు ఆయనకు.

సీరియల్ చివరి భాగం 2001 మే నెలలో వచ్చింది, ఓడ భూమికి చేరుతుంది. ఆ సంగతి నేను ఇంటర్నెట్‌లో చదివి నాయనకు చెప్పాను. "ఎంతమంది చేరినారు?" అన్నాడు. అందరూ కాదని చెబితే తలూపాడు.

తర్వాత సెంటర్ మూతపడింది. ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి, అన్న బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు. మెషీన్లు కొన్ని, సీడీలన్నీ వన్ టౌన్‌లో మా ఇంటికి చేరాయి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు మా ఇంట్లో కింది గదులు పైకప్పు దాకా మునిగాయి. మేం మేడ మీద ఉన్నాం, ప్రాణాలకు ఏమీ కాలేదు. నీళ్ళు తీశాక మిగిలింది బురద. కర్నూల్లో ఆ రోజులు చూసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. సర్టిఫికెట్లు, పెళ్ళి ఫోటోలు, నాయన డ్యూటీ పుస్తకాలు పోయినచోట ఒక ఆట సీడీ గురించి బాధపడటానికి అప్పుడు తీరిక లేదు. కొన్ని నెలల తర్వాత గుర్తొచ్చింది. అప్పటికి ఆ ఆట దుకాణాల్లో ఎక్కడా దొరకట్లేదు.

అది మళ్ళీ అమ్మకానికి వచ్చింది 2021లో. ఆ సెప్టెంబర్లో జీఓజీ అనే వెబ్ దుకాణం పాత స్టార్ ట్రెక్ ఆటలు కొన్నిటిని ఒకేసారి పెట్టింది, అందులో ఇదీ, దీని రెండో భాగమూ ఉన్నాయి. ఆ రోజే కొన్నాను. ఇప్పటి విండోస్‌లో నడుస్తుంది. క్వేక్ 3 ఇంజన్ సోర్స్ కోడ్‌ని, దాన్ని తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ 2005లో అందరికీ ఇచ్చేసింది కాబట్టి, అభిమానులు దాని మీద, నలుగురు కలిసి ఆడే హోలోమ్యాచ్ భాగానికి, ఐఓఈఎఫ్ అనే కొత్త ఇంజన్ కట్టుకున్నారు. ఆ భాగం వెడల్పు తెరల మీద సరిగ్గా కనబడాలంటే, పది పన్నెండేళ్ళ పాత లాప్‌టాప్‌లో కూడా మెత్తగా నడవాలంటే అది వేసుకోవడం మేలు. త్రీడీ కార్డు కోసం ఒక్క మెషీన్ దగ్గర వంతులు వేసుకున్న రోజులు పోయాయి, ఇప్పుడు అన్ని లాప్‌టాప్‌లూ దీన్ని మోయగలవు.

రెండో భాగం గురించి ఒక్క మాట. ‘ఎలీట్ ఫోర్స్ 2’ 2003లో వచ్చింది, చేసింది రిచ్యువల్ ఎంటర్‌టైన్‌మెంట్. వాయేజర్ ఇంటికి చేరడంతో మొదలై, మన్రోని ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్ కెప్టెన్ పికార్డ్ ఓడ ఎంటర్‌ప్రైజ్‌కి పంపిస్తుంది. పికార్డ్‌కి గొంతు ప్యాట్రిక్ స్టువర్ట్‌దే. బొమ్మలు ఇంకా బాగుంటాయి, ఆట పెద్దది. కానీ అందులో అలెగ్జాండ్రా లేదు, అలెగ్జాండర్ ఒక్కడే. అంతకన్నా ముఖ్యం, ఓడ ఇంటి దగ్గరే ఉంది. ఎవరైనా పోతే ఇంకొకర్ని పంపిస్తారు. నా వరకు అసలు ఊపిరి అక్కడే పోయింది. అదే ఏడాది యాక్టివిజన్, స్టార్ ట్రెక్ హక్కులున్న వయాకామ్ మీద కోర్టుకెక్కింది, సీరియళ్ళనూ సినిమాలనూ సరిగా నడపట్లేదని. ఆ తగవుతో ఈ వరస ఆగిపోయింది. మన్రో మూడో కథ రాలేదు.

మా అన్న కొడుకు సంగతికి వస్తే, వాడు మొదటి స్టేజీ ఆడి చివాట్లు తిన్నాక లేచిపోలేదు. మళ్ళీ కూర్చున్నాడు. వాయేజర్లో చొరబాటు వచ్చేసరికి నన్ను మాట్లాడనివ్వలేదు. కథ అయ్యాక వాణ్ణి పట్టింది హోలోమ్యాచ్, నలుగురు కలిసి ఆడేది. విస్తరణ ప్యాక్‌లో ‘అసిమిలేషన్’ అని ఒక పోటీ ఉంది. ఒక జట్టు ఫెడరేషన్, అంటే వాయేజర్ వాళ్ళ పక్షం, ఇంకో జట్టు బోర్గ్. బోర్గ్‌కి చిక్కినవాడు చచ్చిపోడు, బోర్గ్ అయిపోయి మనమీదికే వస్తాడు. జట్టు తరిగిపోతుంటుంది, అటువైపు పెరిగిపోతుంటుంది. వాడు కాలనీలో స్నేహితుల్ని పోగుచేశాడు, ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో నాలుగు లాప్‌టాప్‌లు, ఒక వైఫై, మధ్యలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రౌటర్ ఒక్కటీ నడుస్తుంది, లాప్‌టాప్‌లకు ఎట్లాగూ బ్యాటరీ ఉంటుంది, ఆట ఆగదు. నేను ప్రతిసారీ ఫెడరేషన్ వైపే, అలెగ్జాండ్రా మన్రోగానే. పోయిన ఆదివారం నా జట్టులో మిగతావాళ్ళంతా బోర్గ్ అయిపోయి నేనొక్కదాన్నే మిగిలాను. మా అన్న కొడుకు ఆకుపచ్చ లేజర్ కన్నుతో నా వెనకే వస్తూ, "అత్తా, యాడున్నావు?" అని హాల్లోంచే అరుస్తున్నాడు. నేను ఐ-మాడ్ చేతిలోకి తీసుకున్నాను.